మా గడప మీది నిమ్మకాయలు

నా చిన్నప్పుడు మా గడప మీద నిమ్మకాయలు కనిపించడం మొదలైన నాటి నుంచి, వాడకట్టులో అందరూ పక్కింటి కండెలవ్వ ముఖం చూడడం మానేశారు. మెట్‌పల్లి అవతల చిన్న ఊరు మాది. ఇంటింటా బట్ట నేసే సాంచెలు దడదడలాడుతూ ఉండేవి. కండెలవ్వ ఒంటరి ముసలామె. సాంచెలకు కావలసిన నూలును కండెలకు చుట్టి బతికేది. అందుకే పిల్లలం ఆమెను అలా పిలిచేవాళ్లం. మా అవ్వకు, అంటే మా అమ్మకు, తీరిక లేని పొద్దున నాకు జడ వేసేది ఆమే. ఎంత చిక్కు ఉన్నా నొప్పి పుట్టనిచ్చేది కాదు.

ఆ వానకాలం మా తమ్ముడికి జ్వరం పట్టుకుని వదల్లేదు. ఆ రోజుల్లోనే గడప మీద పచ్చటి నిమ్మకాయలు, వాటికి పూసిన పసుపు కుంకుమలు, పక్కన చిక్కువెంట్రుకల ఉండ కనబడసాగాయి. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. వాటిని మొదట చూసేది ఎప్పుడూ మా పెద్దబాపే. ఆయన మా బాపుకు, అంటే మా నాన్నకు, అన్న. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. చూడగానే వీధి వినేలా అరిచేవాడు.

"గిది గా ముసల్దాని పనే! ముట్టిన్రంటే సచ్చిపోతరు. మన పిలగాన్ని తింటున్నదిరా!"

మంత్రాలు చేసేవాళ్ల పళ్లు పీకేస్తే నోట మంత్రం పలకదని ఒక నమ్మకం ఉండేది అప్పట్లో. వాడకట్టు పెద్దలు నలుగురు మా అరుగు మీదే కూర్చుని, ఆదివారం కండెలవ్వ పళ్లు పీకి ఊరు దాటించాలని తీర్మానం చేశారు. ఏదో కల్యాణానికి పందిరి వేసే మాటలు మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు. అందులో ఒకాయన పటకారు తానే తెస్తానన్నాడు. మా అవ్వ జ్వరం పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని ఏడ్చింది కానీ, వద్దని అనలేకపోయింది. భయం ఆమెను సగం తినేసింది.

మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, ఆ మాటలన్నీ విని లేచి తన పనిలోకి పోయింది. నిమ్మకాయలు వచ్చిన ప్రతిసారీ చీపురుతో చేటలోకి ఊడ్చి, పెంట కుప్ప దగ్గర గంప కింద కప్పిపెట్టేది. శనివారం పొద్దున మాత్రం ఆ నలుగురినీ పిలిపించింది.

"రేపు పెద్ద పని పెట్టుకున్నరు గదా. ఇయ్యాల మా ఇంట్ల ఇంత తినిపోన్రి" అంది.

పిల్లలకు ముందుగానే చారన్నం పెట్టి పక్కకు పంపింది. ఆ నలుగురితో పాటు ఇంట్లోని పెద్దవాళ్లను వరసగా కూర్చోబెట్టి, విస్తళ్లలో నిమ్మకాయ పులిహోర వడ్డించింది. పల్లీలు, ఎండుమిరపకాయలు వేసి ఘుమఘుమలాడేట్టు చేసింది. నేను గుంజ చాటు నుంచి చూస్తున్నాను. మా పెద్దబాపు మారు అడిగి మరీ పెట్టించుకున్నాడు. అందరి నోళ్లూ నిండాక బాపమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ, చాలా మామూలుగా చెప్పింది.

"బజార్ల నిమ్మకాయలు దొరకలే. పారేసుడు ఎందుకని, పొద్దున కడప మీద ఉన్నయే పిండిన."

ఆ మాట చెవిన పడగానే నోట్లో ఉన్నది ఉన్నట్టే విస్తట్లో ఉమ్మేశారు. ఒకాయన గొంతులో వేలు పెట్టుకుని వాకిట్లోకి ఉరికాడు. ఒకాయన గోడ పట్టుకుని కక్కుకున్నాడు. మా బాపు నీళ్ల చెంబు అందుకోబోయి తన్నేశాడు. మా పెద్దమ్మ నాలుకను చీరకొంగుతో రుద్దుకుంటూ శోకాలు పెట్టింది. ఆ గోలంతటిలో మా పెద్దబాపు ఒక్కడే ఇంకో ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. రుచి మీద ఉన్నాడు. వీళ్లకేమైందన్నట్టు తలెత్తి చూశాడు. అప్పుడు వెలిగింది ఆయనకు. నములుడు ఆగిపోయింది.

"నీకు బయం గాలేదేందిరా కొడుకా?" అని అడిగింది బాపమ్మ.

"నాకేమైతదే? కొండగట్టు అంజన్న తాయెత్తు ఉన్నది నా దండకు" అన్నాడు జబ్బ చూపించి.

"అట్లనా. మరి నీ కొడుకుకు తాయెత్తు లేదు. గీ ముద్ద వానికి పెట్టు, చూస్తం."

నా ఈడువాడే వాడు, వాకిట్లో నిలబడి ఉన్నాడు. మా పెద్దబాపు తన మాట నెగ్గించుకునే తొందరలో ముద్ద పట్టుకుని లేచి వాడి నోటి దగ్గరికి తీసుకుపోయాడు. పెద్దమ్మ కెవ్వున అరిచి, మొగుడి చెయ్యి ఒడిసి పట్టుకుంది. అలా పట్టుకునే ఆయన కళ్లలోకి చూసింది.

"మంత్రముందని నమ్మినోడు కన్నకొడుకు నోట్లె పెడ్తడా అయ్యా?" అంది బాపమ్మ పెద్దల వైపు తిరిగి. "నేను పిండినయి కొన్న కాయలే. కడప మీదియి గంప కిందనే ఉన్నయి, పోయి చూసుకోన్రి. గవి పెట్టినోడు వీడు."

పెద్దబాపు మెల్లగా గొణిగాడు. "గా ముసల్ది పోతే గోడ జరుపుకొని ఇంకో రెండు సాంచెలు ఏసుకుందామని..."

ఇంతే. రెండు సాంచెలు పట్టే జాగా కోసం ఒక ముసలిదాని నోరు చీల్చడానికి సిద్ధపడ్డాడు. అంతకుముందు ఆయన భుజాలెక్కి ఆడుకున్న పిల్లను నేను. ముద్ద అంటిన ఆయన వేళ్లను చూస్తేనే అసహ్యం పుట్టింది.

అంతకంటే అసహ్యం ఆ తర్వాత పుట్టింది. పటకారు తెస్తానన్నాయన మూతి తుడుచుకుని వచ్చి మళ్లీ విస్తరి ముందు కూర్చున్నాడు.

"అయితే మంచి కాయలేనా అవ్వా? జర ఇంకింత పెట్టు మరి. గీ ముచ్చట మీ ఇంట్లనే ఉండనియ్యి, బయటికెందుకు, ఇజ్జత్ పోతది."

బాపమ్మ పులిహోర గిన్నెను రెండు చేతులా ఎత్తి వాకిట్లో బోర్లించింది. నేరుగా వీధిలోకి నడిచి, కండెలవ్వ తలుపు ముందు నిలబడి, నలుగురూ వినేలా "నా కొడుకే చేసిండు అక్కా" అని చెప్పింది. తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. కండెలవ్వ అప్పటికే మూట కట్టుకుని ఉంది.

"నోట్లె ఉన్నయే నాలుగు పండ్లు" అంది. "అండ్ల రెండు ఊగుతున్నయి. గీటికి గింతమంది మొగోళ్లా చెల్లె?"

ఆమె ఇల్లు ఆమెకు దక్కింది. మా ఇల్లు మాత్రం రెండు ముక్కలైంది. పెద్దమ్మ పుట్టింటికి పోయి చాలాకాలం రాలేదు. పెద్దబాపు భైంసా పోయి పత్తి దుకాణంలో పనికి కుదిరాడు. తమ్ముడి జ్వరం డాక్టర్ మందులతో తగ్గింది. కండెలవ్వ మళ్లీ నాకు జడ వేసింది కానీ, మా గడప మాత్రం తొక్కలేదు. క్షమించమని ఆ నలుగురిలో ఒక్కడూ ఆమె తలుపు తట్టలేదు.

మొన్నీమధ్య మా వీధిలో బిచ్చమెత్తుకునే ఒకామెను చుట్టుముట్టారు. పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషని ఎవరి ఫోన్‌కో ఫోటో వచ్చిందట. అందరికంటే పెద్దగా అరుస్తున్న ఇద్దరు పిల్లల తండ్రి దగ్గరికి కర్ర ఊతంతో పోయాను.

"నీ పిల్లలేరి బిడ్డా?" అని అడిగాను.

"ఏడ్నో బయట ఆడుకుంటున్నరమ్మా" అన్నాడు, చెయ్యి ఊపుతూ.

అన్నాక ఆ మాట వాడికే వినబడింది. తల దించుకున్నాడు. పక్కవాళ్లు ఒక్కొక్కరే జరిగి దారి ఇచ్చారు. బిచ్చమెత్తుకునే ఆమె తన సంచీ తీసుకుని వెళ్లిపోయింది. భయపడమని చెప్పేవాడు తాను భయపడుతున్నాడా లేదా అని చూడడం మా బాపమ్మ నేర్పిన చదువు. చూడడం అలవాటైంది కానీ, కనబడింది మింగుడుపడడం ఈ వయసుకూ అలవాటు కాలేదు. ఆ పూట కోడలు అన్నం పెడితే వద్దన్నాను.