కత్తిరించిన ముక్క యాడికి పోయె?

నలభై మందిలో సగం మంది పొట్ట మీద కొట్టబోయిన ఒక టిక్కు మార్కు గురించి చెప్పబోతున్నాను. ఆ టిక్కు తీసేసిన మహాతల్లిని నేనే. మధ్యలో ఎక్కడైనా నా మీద జాలి కలిగితే ఆపుకోండి. నాకంత అర్హత లేదు.

మూడేళ్ల కిందట బళ్ళారిలో ఒక చిన్న జీన్స్ యూనిట్‌లో కంప్యూటర్ పనికి చేరాను. కుట్టడం, ఉతకడం అన్నీ అక్కడే. చేరే రోజు యజమాని ఎర్రిస్వామన్న, "కంప్యూటర్ వస్తాదామ్మా గ్రేసీ?" అని అడిగాడు. "అంతా వస్తాదన్నా" అన్నాను. ఆ 'అంతా'లో ఉన్నవి మూడే: టైపు కొట్టడం, ప్రింటు తీయడం, ఫోటోల అంచులు కత్తిరించడం. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు మౌస్ చేతికొచ్చాక పట్టపగలే గొడుగు పట్టించుకున్నాను.

రెండు నెలలుగా యూనిట్‌లో పెద్ద పని లేదు. బెంగళూరు కంపెనీ ఆర్డర్ ఒక్కటే ఆశ. అది రాకపోతే సోమవారం నుంచి సగం మందిని ఇంటికి పంపాల్సిందేనని ఎర్రిస్వామన్న చెప్పేశాడు. ఆ కంపెనీ మేడమ్, "మీ యూనిట్ ఫోటోలన్నీ స్లైడ్లుగా చేసి మధ్యాహ్నం పన్నెండులోపు మా వెబ్‌సైట్‌లో ఎక్కించండి" అంది.

ఫోటోలు ముందురోజు నేనే తీశాను, ఎర్రిస్వామన్న ఫోనుతో. మా యూనిట్ ఫోటోకి నిలబడే రకం కాదు. మంటలార్పే సిలిండర్‌కి ఆయుధపూజ నాటి ఎండిన పూలదండ, దానికే వేలాడుతూ నాలుగు టిఫిన్ క్యారియర్లు. ప్రమాదం వస్తే పారిపోయే తలుపుకి అడ్డంగా ప్యాంట్ల మూటలు. ఆ మూటల మీద కునుకు తీస్తూ సాక్షాత్తూ ఎర్రిస్వామన్న. అదృష్టం కొద్దీ ఇవన్నీ అంచుల్లోనే పడ్డాయి. అంచులన్నీ కత్తిరించేశాను. చెకింగ్ రూమ్ ఫోటోలో పక్కనున్న నిలువుటద్దం కూడా కత్తిరించాను. అదెందుకో ఇప్పుడే అడక్కండి.

పదకొండుకి ఎక్కించబోతే ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇరవై ఎంబీ దాటితే తీసుకోరట. నా ఫైలు నలభై ఆరు.

"ఏందమ్మా, ఎక్కలే?" ఎర్రిస్వామన్న నా కుర్చీ వెనకాలే నిలబడ్డాడు.

"బరువెక్కువుండాదన్నా. తగ్గిస్తాండా."

జిప్ చేశాను. నలభై ఆరు కాస్తా నలభై అయిదయింది. తడి ప్యాంటుని ఎన్ని మడతలు పెట్టినా నీళ్లు పోతాయా? ఫోటోల్లేని స్లైడ్లు నాలుగు తీసేశాను. పిసరంత కూడా తగ్గలేదు. అప్పుడే కరెంటు పోయింది. కుడతిని ప్లాంటులో కరెంటు పుట్టే జిల్లాలో ఉంటూ కరెంటు కోసం ఏడవడమంటే దీపం కింద చీకటే. కంప్యూటర్ కింది బ్యాటరీ పెట్టె కీచుమనడం మొదలుపెట్టింది. అది ఇరవై నిమిషాలు మోస్తే గొప్ప. టైము పదకొండూ నలభై.

కుట్టు మిషన్లు ఆగిపోవడంతో అందరూ నా గది గుమ్మం దగ్గర చేరారు. ముందు నిలబడింది కటింగ్ మాస్టర్ హుసేనప్ప. ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన మనిషి, మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది.

"బేటీ, ఒక మాట అడుగుతా. నువ్వు ఫోటోల అంచులు కత్తిరిస్తివి కదా?"

"అవునప్పా."

"ఆ ముక్కలు యాడికి పోయె? నేను గుడ్డ కత్తిరిస్తే ముక్క కింద పడతాది, గుడ్డ బరువు తగ్గతాది. నీ ఫైలు తగ్గలే. నువ్వు కత్తిరించినావా, లోపలికి మడిచినావా?"

"హుసేనప్పా, ఇది కంప్యూటర్ కత్తిరింపు. మీ కత్తెర లెక్క దీనికి పనికిరాదు" అన్నాను. ఎంత ఠీవిగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

చివరికి ఫోటోలు కుదించే మీట దొరికింది. నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంది. నొక్కాను, నలభై నాలుగయింది. మళ్లీ చూస్తే 'ఈ ఒక్క ఫోటోకే' అన్నచోట టిక్కు ఉంది. అది తీసేయాలని తెలిసింది. దాని కిందే ఇంకో టిక్కు. అక్కడ 'డిలీట్' అన్న మాట కనబడింది. డిలీట్ అయితే ఫోటోలే పోతాయేమో! దాన్నీ తీసేశాను.

"గ్రేసీ, పది నిమిషాలుండాది!"

"అరవొద్దన్నా, తప్పు మీట పడతాది!"

నొక్కాను. పంతొమ్మిది. ఎర్రిస్వామన్న ఫోను నెట్టుతో ఎక్కించాను. గీత నత్తలా పాకుతోంది. పదకొండూ యాభై ఏడుకి 'అందింది' అని వచ్చింది, ఆ వెంటనే కంప్యూటర్ చచ్చిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొంచెం తల వంచి అందుకున్నాను.

పన్నెండున్నరకి మేడమ్ ఫోన్ చేసింది. ఎర్రిస్వామన్న స్పీకర్ పెట్టాడు. ఆమెది సగం కన్నడం, సగం తెలుగు.

"ఎర్రిస్వామి, మీ ఫోటోలు మా స్లైడ్లలో పెట్టుకుందామని కొంచెం పెద్దవి చేసినా. అంచులు లాగితే ఇంకా ఏమేమో వస్తా ఉండాయి. మూటల మీద నిద్రపోతా మలగిద్దారల్ల, యారు, ఎవరది?"

తన ఫోటో గురించి తననే అడుగుతుంటే ఎర్రిస్వామన్న ఫోను బల్ల మీద పెట్టేశాడు. నాకప్పుడు అర్థమైంది. కత్తిరించిన ముక్కలన్నీ లోపలే ఉన్నాయి, మడిచి కుట్టిన ప్యాంటు అంచులాగా. వాటిని నిజంగా తీసి పారేసే టిక్కునే నేను భయపడి తీసేశాను. సోమవారం ఇంటికి పోయే సగం మందీ నా కళ్ల ముందే నిలబడి ఉన్నారు.

"సిలిండర్ మీద క్యారియర్లు తీసేయండి. తలుపు దగ్గర మూటలు తీసేయండి. అది ఇరలి, పోనీ. చెకింగ్ రూమ్ అద్దంలో ఒక హుడుగి కనబడుతుందే, ఫోటో తీస్తా ఉండే అమ్మాయి. మేం పంపిన శాంపిల్ ప్యాంటు ఆమె యాకె, ఎందుకు వేసుకుంది?"

ఊరందరికీ జీన్స్ కుట్టే చోట కూర్చుంటాను. మా ఇంట్లో మాత్రం నాయనమ్మ, "ప్యాంటు ఏసుకోని చర్చికి పోతావా?" అని ఒక్కసారీ కొననివ్వలేదు. ఎవరూ లేనప్పుడు, ఒక్క అయిదు నిమిషాలు, ఆ శాంపిల్ వేసుకున్నాను. వేసుకున్నదాన్ని అలాగే వెళ్లి ఫోటో తీశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఎర్రిస్వామన్న నా వైపు తిరిగాడు. "గ్రేసీ, ఆ ప్యాంటు నువ్వు ఏసుకుంటివా?"

"ఏసుకుంటినన్నా. తప్పయిపోయింది మేడమ్. ఉద్యోగం నుంచి నన్ను తీసేయండి, ఆర్డర్ మాత్రం ఆపొద్దు."

మేడమ్ దానికి వేరే ప్రశ్న వేసింది.

"ఎట్ల ఉండె?"

"మేడమ్?"

"ఫిట్టింగమ్మా. ఎట్ల ఉండె?"

"తొడల కాడ బాగుండాది మేడమ్. నడుం కాడ వదులు. ఒక చేత్తో పట్టుకోనే ఫోటో తీసినా."

"నోడి, చూడండి! అదే నేను రెండు నెలల నుంచి మా డిజైనర్‌కి చెప్తా ఉండేది! వినలే." ఆమె నవ్వింది. "ఎర్రిస్వామి, నడుం తగ్గించి వంద ప్యాంట్లు చేసి పంపండి. బాగుంటే మిగతాది మాట్లాడదాం. మీరు మాత్రం మూటల మీద మలగబేడి, పడుకోవద్దు."

ఆ వంద వెనకాల పెద్ద ఆర్డరూ వచ్చింది. ఆ సోమవారం ఎవరూ ఇంటికి పోలేదు. హుసేనప్ప మొదటి నడుం పట్టీ కత్తిరించి, కింద పడిన నీలం ముక్కని తెచ్చి నా కీబోర్డ్ మీద పెట్టాడు. "చూడు బేటీ. కత్తిరించడమంటే ఇది" అన్నాడు.

తర్వాత ఆ టిక్కు ఉంచి అదే ఫైలు కుదించి చూశాను. ఆరు ఎంబీ అయింది.

కాబట్టి హుసేనప్ప మెడలోని టేపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: దాచాల్సింది ఉన్నచోట ఫోటో తీయను. తీస్తే కత్తిరిస్తాను. కత్తిరిస్తే ముక్క ఎక్కడ పడిందో చూసే పంపుతాను. ఇతరుల శాంపిల్ ప్యాంటు మళ్లీ జన్మలో వేసుకోను.

అద్దం ఉన్న గదిలో.