టీచర్‌గారి పాస్‌వర్డ్

రాజమండ్రిలో చిన్న గది అద్దెకు తీసుకుని, ఇంటి లెక్కలు రాసుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒకటి తయారుచేశాను. ఇంటర్నెట్‌తో పనిలేదు. రాసుకున్నదంతా కొన్నవాళ్ల కంప్యూటర్‌లోనే భద్రంగా ఉంటుంది. పాస్‌వర్డ్ లేకపోతే నేను కూడా తెరవలేను. ఆ మాటే గొప్పగా చెప్పి అమ్మేవాణ్ణి. "ఇంట్లోవాళ్ల దగ్గర దాపరికం ఏంటండీ?" అని చాలామంది నవ్వేసేవారు.

కొవ్వూరులో రిటైరైన ఒక హైస్కూలు టీచర్‌గారు మాత్రం నవ్వలేదు.

"మా అబ్బాయి మంచివాడే బాబూ. కానీ నా జీతం ముందు మా నాన్నగారి చేతిలో పెట్టాను, తర్వాత మా ఆయన చేతిలో పెట్టాను. ఈ పెన్షనన్నా ఎవరికిచ్చానో నాకొక్కదానికే తెలియాలి."

పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నన్ను అటు తిరగమన్నారు. నేను వీధిలోకి చూస్తూ నిలబడ్డాను. వెనక ఆవిడ చిన్నగా నవ్వుకోవడం వినిపించింది.

మరుసటి వేసవిలో వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మకి పాస్‌వర్డ్ గుర్తు రావట్లేదండి. పొద్దున్నించీ ఏడుస్తోంది. ఒకసారి రాగలరా?"

నేను వెళ్లేసరికి ఆవిడ కంప్యూటర్ ముందే ఉన్నారు. చదువుకున్న బడి పేరు కొట్టారు. చిన్నప్పుడే పోయిన చెల్లెలి పేరు కొట్టారు. ప్రతిసారీ తప్పనే వచ్చింది.

"చేసింది నువ్వే కదా బాబూ, నువ్వు తియ్యి."

"నావల్ల కూడా కాదండి."

నేను అబద్ధం చెబుతున్నానేమో అన్నట్టు నా మొహంలోకి చూశారు.

వాళ్లబ్బాయి నన్ను వసారాలోకి పిలిచాడు. "లెక్కలు పోతే పోనీయండి. నిన్న స్టవ్ ఎలా వెలిగించాలని అడిగిందండి నన్ను," అన్నాడు. అప్పటిదాకా నేను పాస్‌వర్డ్ గురించే ఆలోచిస్తున్నాను.

ఆ తర్వాత కూడా ఆవిణ్ణి చూడ్డానికి వెళ్తూనే ఉన్నాను. ఒకసారి వెళ్తే, "ఎవరండీ మీరు? మా అబ్బాయి కోసమా?" అని మర్యాదగా కుర్చీ చూపించారు. లెక్కలు రాసుకున్న సంగతే ఆవిడకి గుర్తులేదు. ఏడుపూ లేదు.

ఆఖరికి వాళ్లబ్బాయి అడిగాడు. "ఆ లెక్కలూ, ప్రోగ్రామూ అంతా తీసేయండి. కంప్యూటర్ వేరే దేనికైనా వాడుకుంటాం."

తీసేశాను. ఆవిడ నా పక్కనే కూర్చుని, టీవీ చూసినట్టు చూశారు.

"అయిపోయిందా అండీ?"

"అయిపోయిందండి," అన్నాను.