మసకబారిన గడులు

కదులుతున్న రైలు దిగవద్దని పాతికేళ్లు అందరికీ చెప్పి, నేనే కదులుతున్న రైలు దిగి కాలు విరగ్గొట్టుకున్నాను. అందులో గ్రహాల ప్రమేయం ఏమీ లేదు. తొందర నాది, వేగం రైలుది.

అది తొంభై తొమ్మిది వేసవి. బిలాస్‌పూర్‌లో రైల్వే కంట్రోల్ ఆఫీసులో ఉద్యోగం, రాయ్‌పూర్‌లో మోవా దగ్గర ఇల్లు. రోజూ రైల్లో వెళ్లి వచ్చేవాణ్ణి. తొడదాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు మంచం దిగొద్దన్నారు. కూలరు వేడి గాలి విసిరేది. కట్టు కింద దురద పుడితే గోకడానికి స్వెట్టర్లు అల్లే సూది తప్ప దిక్కు లేదు.

అమ్మ మాత్రం కారణం తేల్చేసింది. "ఏలినాటి శనిరా నీకు. ఓ శనివారం పూట తైలాభిషేకం సేయించుకో. ఏటి పోద్ది?"

"నా మాట పోతుందమ్మా."

అది గొప్ప కోసం అన్న మాట కాదు. మాది శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన కుటుంబం. ఈ ఊళ్లో తెలుగువాళ్లు ఎక్కడ సభ పెట్టినా, పరీక్షకు నిలబడని నమ్మకాన్ని పిల్లలకు నేర్పడం నేరమని వాదించేవాణ్ణి. ఆ మాటల వల్ల చుట్టాలు దూరమయ్యారు, స్నేహాలు చెడ్డాయి. ఇప్పుడు కాలు విరిగిందని శనికి నూనె పోస్తే, అన్నేళ్లూ నేను చేసింది అరుపులేనా?

అమ్మ వాదించేది కాదు. ఉదయం కాఫీతో పాటు అదే మాట తెచ్చి మంచం పక్కన పెట్టేది. లేచి వెళ్లిపోవడానికి నాకు కాలు లేదు.

నా భార్య తమ్ముడు సిల్తారాలో ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాడు. భన్‌పురిలో తన గదిలో దుమ్ము పడుతుందని కంప్యూటరు మా ఇంట్లో ఉంచాడు. నా అవస్థ చూసి బల్లను మంచం దగ్గరకు జరిపి, ఒక యుద్ధం ఆట పెట్టాడు.

తెర నిండా తేనెపట్టులాగా ఆరు పలకల గడులు. అడవి, నది, బురద, రోడ్డు. ఒక్కో సైన్యానికి వంతుకు ఇన్ని అడుగులని లెక్క ఉంటుంది. మైదానంలో గడికి ఒకటి, అడవిలో రెండు, బురదలో మూడు ఖర్చవుతాయి. శత్రువును ఆనుకున్న గడిలో కాలు పెడితే, ఎన్ని అడుగులు మిగిలినా ఆ వంతుకు అక్కడే ఆగిపోవాలి. చుట్టూ మూసుకుపోయి సరఫరా అందని సైన్యం వంతువంతుకూ చిక్కిపోతుంది.

నాకు ప్రాణం లేచివచ్చింది. బురదకు మూడంటే మూడే. దణ్ణం పెడితే రెండు కాదు. ఇన్నాళ్లకు నాకు నచ్చే లోకం ఒకటి దొరికిందనుకున్నాను.

పటం చూసే పద్ధతి కూడా బావమరిదే చెప్పాడు. మనవాళ్ల కంటికి ఆనే గడులు కాంతిగా ఉంటాయి. ఎన్నడూ చూడనివి నల్లగా ఉంటాయి. ఒకసారి చూసి వదిలేసినవి మసకగా ఉంటాయి.

"మసక గడిని నమ్మకండి బావా. మనం చూసినప్పటి సంగతి అది. తర్వాత ఏం జరిగిందో పటానికి పతా ఉండదు."

విన్నాను. అర్థమైందనుకున్నాను.

వారం తిరిగేసరికి నావి నాలుగు దళాలు నది వంపులో చిక్కుకున్నాయి. మూడు వైపులా శత్రువు, నాలుగో వైపు బురద. బయటపడకపోతే రెండు వంతుల్లో సమాప్తం. బావమరిది కుర్చీ వెనక నిలబడి నవ్వాడు.

"ఏం బావా, మీ దిమాగ్ ఇక్కడ పనిచెయ్యదా? సభల్లోనేనా పనిచేసేది?"

"రెండు వంతులు చాలు. నాలుగింటినీ బయటికి తెస్తాను."

"తేలేకపోతే?"

నేను నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్న అమ్మ అంది, "తేలేకపోతే శనోరం పీట మీద కూకోవాల."

"సరే. తెస్తే మాత్రం ఈ ఇంట్లో మళ్లీ శని పేరు ఎత్తకూడదు."

"ఎత్తను," అంది అమ్మ.

మూర్ఖత్వం అక్కడ జరిగింది. శనికి నా ఎముకతో సంబంధం లేదని ఒప్పించవలసినవాణ్ణి, ఏ సంబంధమూ లేని ఒక ఆటకు ఆ సంగతి అప్పగించాను. ఎదుటివాడు ఇదే పని చేసి ఉంటే చీల్చి చెండాడేవాణ్ణి.

బురద అవతల రెండు మసక గడులున్నాయి. ఖాళీగా కనిపించాయి. వాటిని దాటితే రోడ్డు. అడుగులు సరిగ్గా సరిపోతున్నాయి.

కంట్రోల్ ఆఫీసులో మా ముందు ఒక చార్టు ఉంటుంది. స్టేషన్ మాస్టరు ఫోనులో చెప్పినదాన్ని బట్టి రైళ్ల గీతలు గీస్తాం. బండి బయలుదేరిందని ఫోను వచ్చేదాకా అది ఆ స్టేషన్లోనే ఉంది. లైను ఖాళీ అని చెప్పారంటే, మళ్లీ కబురు వచ్చేదాకా ఖాళీయే. అలా అనుకోకపోతే ఒక్క రైలూ నడవదు. పాతికేళ్లు ఆ చార్టు ముందు కూర్చున్న కళ్లతోనే నేను ఆ రెండు గడులనూ చూశాను. శత్రువు నాకు ఫోను చేసి కదలడన్న సంగతి తట్టలేదు.

మొదటి దళాన్ని బురద దాటించి మసక గడి అంచుకు చేర్చాను. గడి వెలిగింది. అందులో శత్రువు ఎర్ర ట్యాంకుల గుర్తు ఉంది. పక్క గడి కూడా వెలిగింది, అందులోనూ ఉన్నాయి. నా దళం ఆగిపోయింది. వెనక మూడింటికీ దారి అదొక్కటే.

"అయిపోయింది బావా," అన్నాడు బావమరిది, నవ్వు ఆపుకుంటూ. తర్వాత నా ముఖం చూసి, "మజాక్ కోసం అన్నాం. వదిలెయ్యండి," అన్నాడు.

అమ్మ వదిలెయ్యమనలేదు. బియ్యం చేట పక్కన పెట్టి, శనివారానికి ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

వంటింట్లోంచి నా భార్య అంది, "మాట తప్పినా మీరే, పూజ చేసినా మీరే. ఏది వద్దో మీరే తేల్చుకోండి."

మూడు రోజులు తేల్చుకోలేకపోయాను. మాట తప్పితే, రేపు సభలో ఎవరి మాటనైనా ఏ ముఖంతో నిలదీస్తాను? కూర్చుంటే, అసలు ఏ మాటకు నిలబడ్డట్టు? ఎటు అడుగు వేసినా అక్కడే ఆగిపోయాను.

శనివారం కూర్చున్నాను. పీట మీద కుదరక కుర్చీ వేశారు, కాలు స్టూలు మీద చాపాను. పండిత్‌జీ "పైర్ మత్ హిలాయియే" అని కాలు కదపొద్దని హెచ్చరిస్తూ నా చేత శని విగ్రహం మీద నూనె పోయించాడు. నువ్వుల నూనె వాసన రెండు రోజులు చేతిని వదల్లేదు. ఆ నూనె పోసినంతసేపూ అమ్మ కళ్లు మూసుకుని ఉంది. అంత హాయిగా ఉన్న ఆమె ముఖాన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. దానికి కూడా నాకు కోపమే వచ్చింది.

ఆరు వారాలకు, డాక్టరు మొదట చెప్పిన రోజునే కట్టు తీశారు. ఎముక చక్కగా అతుక్కుంది. ఇంటికి వచ్చాక అమ్మ నా మోకాలు నిమిరింది.

"సూసినావా?"

"పూజ చెయ్యకపోయినా అతుక్కునేదమ్మా."

"ఏమో నాయినా. సేసినావు కదా."

పూజ లేకుండా ఎముక అతుకుతుందని చూపడానికి నా దగ్గర ఉన్నది ఒక్క కాలు. ఆ ఒక్క అవకాశాన్నీ నా చేత్తో నేనే పాడుచేశాను.