ఎనిమిది సెకన్ల మౌనంలో నా నోరు

మా సోములు బావ రెండేళ్ల కష్టాన్ని ఒక్క మాటతో గంగపాలు చేసిన ఘనురాలిని నేనే. తిట్టాలనుకునేవాళ్లు చివరిదాకా ఆగండి, అక్కడ ఇంకా తీరిగ్గా తిట్టొచ్చు.

సోములు బావ మా మేనత్త కొడుకు. పుట్టింది శబరి నది ఒడ్డున, తెలుగూ హిందీ కలిసిపోయే మా సరిహద్దు ఊరు కొంటాలోనే, పేరొచ్చింది హైదరాబాదులో. తనే పాట రాసి, తనే బాణీ కట్టి, గిటారు పట్టుకుని తనే పాడతాడు. అప్పటికే నాలుగు ఆల్బమ్‌లు వచ్చాయి. నాలుగోదాన్ని వాళ్ల అమ్మ తప్ప ఎవరూ పట్టించుకోలేదు. రెండేళ్లు కష్టపడి చేస్తున్న ఐదోది పాప్ రాక్, డ్రమ్సు అదిరిపోయే రకం. "ఇది కూడా జనం వినకుంటే గిటారు అటకెక్కిస్తా" అని ఇంట్లో అందరి ముందూ ఒట్టేశాడు.

నాదేమో కొంటా బజారులో ఫోన్ల దుకాణం. చుట్టుపక్కల ఊళ్లలో నెట్‌వర్క్ తన ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. అందుకని సంత రోజున జనం మెమరీ కార్డులు తెచ్చిస్తే, కంప్యూటర్లో 'కొత్తవి' అనే పాటల ఫోల్డరు మొత్తం వాటిలోకి ఎక్కించేదాన్ని.

ఒకరోజు బావ ఫోను. "పద్మా, ఒక పాట పంపిస్తున్న. స్టూడియో బయట ఇంకా ఎవ్వరికీ వినిపియ్యలే. వినుకుంట నీకేమనిపిస్తే అది పైనుంచి మాట్లాడి, రికార్డు చేసి పంపు. మొహమాటపడకు."

"నాకు మొహమాటమా బావా?"

"లేదనే కదా నిన్నడిగేది!"

సరే, కంప్యూటర్‌కు మైకు తగిలించి పాట పెట్టాను. ఒక పిల్ల శబరి దాటి వెళ్లిపోతుంది, ఆమెను ప్రేమించినవాడు ఒడ్డున నిలబడిపోతాడు. అంతే పాట. నేను మాట్లాడడం మానేసి ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. ఉన్నట్టుండి మధ్యలో పాట ఆగిపోయింది. కాసేపు చూశాను. ఇక ఉండబట్టలేక, "ఏంది బావా, అయిపోయిందా?" అన్నాను. ఆ మాట పూర్తయిందో లేదో, ధనాధనా డ్రమ్సు విరుచుకుపడి నా చేతిలో టీ గ్లాసు ఎగిరిపోయింది.

పంపించిన పది నిమిషాలకే బావ అరుపు. "ఆ ఎనిమిది సెకన్ల మౌనమే ఈ పాటకు పాణం పిల్లా! పాట ఆగిపోయిందనుకుంటరు, తియ్యమని స్టూడియోల అందరూ నా మీద పడితే, కొట్లాడి ఉంచిన. నువ్వు అందులనే నోరు పెడితివి!"

"నాకేం తెలుసు బావా?"

"నువ్వు మాట్లాడిన ఫైలు ఇప్పుడే తుడిచెయ్."

"తుడిచేసిన" అన్నాను, తుడుస్తూనే. బావ పంపిందీ, నేను మాట్లాడిందీ, రెండూ ఆ 'కొత్తవి' ఫోల్డరులోనే ఇంచుమించు ఒకే పేరుతో ఉన్నాయి. ఎదురుగా గిరాకీవాళ్లు నిలబడి తొందరపెడుతున్నారు. ఒకటి తుడిచేశాను. ఏది తుడిచానో చూసేంత జ్ఞానముంటే ఈ కథే ఉండదు కదండీ.

మర్నాడు సంత.

నెల గడిచింది. హైదరాబాదు కంటే ముందు ఊరోళ్లే వినాలని బావ కొంటా బడి మైదానంలో కచేరీ పెట్టాడు. ఆ మధ్యాహ్నం జీపు డ్రైవరు ఒకతను వచ్చి, "దీదీ, మా తమ్ముడి కార్డుల కూడా ఆ బావా వాలా గానా ఎక్కియ్" అన్నాడు.

"ఏ బావ?"

అతను తన ఫోను నొక్కాడు. అందులోంచి నా గొంతే వచ్చింది!

"ఇది ఇంకెవరి దగ్గరుంది?"

"సబ్ కే పాస్! మన దిక్కు మద్దేడ్ పోయినా ఇదే, బీజాపూర్ పోయినా ఇదే. ఆ లడ్కీ అడుగుతది చూడు, అదే మజా!"

మైదానానికి పరుగెత్తాను. బావ మెడకు మఫ్లరు చుట్టుకుని గొంతుకు విశ్రాంతి ఇస్తున్నాడు. "బావా, ఒక్క మాట" అన్నాను. పెదాల మీద వేలు పెట్టి, కాగితం మీద రాసి చూపించాడు: 'కచేరీ అయ్యేదాకా మౌనం.'

"ఆ మౌనం గురించే బావా!"

నవ్వి, నా తల నిమిరి, స్టేజీ ఎక్కేశాడు.

"ఈ పాట ఇప్పటిదాకా ఎవ్వరూ వినలే" అని మైకులో ప్రకటించాడు. జనం కిసుక్కుమన్నారు. మొదటి చరణం ఎత్తుకోగానే మైదానమంతా కలిసి పాడింది. బావ మొహంలో రంగులు మారాయి. మౌనం రానే వచ్చింది. బావ కళ్లు మూసుకున్నాడు. నేను చెవులు మూసుకున్నాను.

"ఏంది బావా, అయిపోయిందా?"

మైదానం మొత్తం ఒకే గొంతుతో అడిగింది. గోండీ మాట్లాడేవాళ్లు, హల్బీ మాట్లాడేవాళ్లు, తెలుగులో ఇంకో ముక్క రానివాళ్లు, గోడ పక్కన డ్యూటీలో ఉన్న జవాను కూడా! బావ కళ్లు తెరిచాడు. డ్రమ్ముల అబ్బాయి కర్రలు గాల్లోనే ఆపి బావ వైపు చూస్తున్నాడు. నేను స్పీకరు పెట్టెల వెనక నక్కాను.

"ఇంకా అయిపోలే!" అని గర్జించి, బావ గిటారు మీద ఒక్క దెబ్బ వేశాడు.

ఇక చూడాలి ఆ గోల! ఆ పాటే నాలుగుసార్లు పాడించారు. నాలుగుసార్లూ జనం అడిగారు, నాలుగుసార్లూ బావ జవాబు చెప్పాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

కచేరీ అయ్యాక బావ నన్ను పెట్టెల వెనకనుంచి బయటికి లాగాడు. "ఫైలు తుడిచినవా?"

"తుడిచిన బావా. నాది కాదు, నీది."

నవ్వీ నవ్వీ నేల మీద కూలబడ్డాడు. "అటక మీద గిటారుకు జాగా చేసింది మా అమ్మ. ఉల్లిగడ్డలు పోసుకోమని చెప్పు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు మైదానంలో రికార్డయిన ఊరి అరుపుతోనే ఆల్బమ్ విడుదలైంది, మోగిపోయింది. పాట కింద పేర్ల వరుసలో గిటారు ఫలానా, డ్రమ్సు ఫలానా అని ఉంటుంది. చివర చూడండి: 'ప్రశ్న: పద్మ, కొంటా.'

పాట వింటున్నప్పుడు ఇక నోరు విప్పనని శబరి నీళ్లు దోసిట్లో పట్టుకుని ప్రమాణం చేశాను. మొన్న బావ ఆరో ఆల్బమ్ పాట పంపాడు. "ఈసారి పన్నెండు సెకన్లు వదిలిన. నీ ఇష్టం" అన్నాడు. ప్రమాణం ప్రమాణమే, తప్పను. కానీ పన్నెండు సెకన్లంటే మాటలా, మీరే చెప్పండి!