మామగారి పేగుల మీద నా పరిశోధన

ముందే చెప్పేస్తున్నాను. పెళ్ళయిన కొత్తలోనే నాకు పిల్లనిచ్చిన మామగారిని చావుకు సిద్ధం చేశాను. కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు. చిటికెన వేలి గోరంత క్యాప్సూల్ ఒకటి ఇచ్చానంతే. ఆయన దాన్ని నమ్మకంగా మజ్జిగతో మింగేశారు. ఆగండి, మీరు కంగారు పడకండి, ఆయన ఆ తర్వాత చాలాకాలం బతికారు. కాకపోతే బతికినన్నాళ్ళూ నేనిచ్చిన మంచినీళ్ళు కూడా ఒకసారి వెలుగులో పెట్టి చూసుకునే తాగారు.

డెబ్బైలనాటి మాట. నేను డాక్టరీ ప్యాసై, బెజవాడలో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గర చిన్న డాక్టరుగా చేరాను. ఆయనది కడుపు జబ్బుల వైద్యం. ఇంగ్లండు సీమ నుంచి ఆయనకి వైద్య పత్రికలు ఓడల మీద వచ్చేవి. అవి చేరేసరికి నెలలు గడిచి అట్టలు నలిగిపోయి ఉండేవి, ఆయన మాత్రం ఆవేళే అచ్చయినట్టు ఆత్రంగా విప్పుకునేవారు. ఒకరోజు వార్డులు చూడడం అయ్యాక నన్ను గదిలోకి పిలిచారు.

"ఏవయ్యా, నువ్వు నిన్న మధ్యాహ్నం తిన్న అన్నం ఇప్పుడెక్కడుంది?"

"లోపలే ఉండుంటుందండీ" అన్నాను.

"లోపలంటే ఎక్కడిదాకా వచ్చింది? ఎప్పుడు బయటపడుతుంది?"

ఇలాంటి ప్రశ్న నన్ను పరీక్షల్లో కూడా ఎవరూ అడగలేదు. ఆయనే కుర్చీ ముందుకి లాక్కుని చెప్పుకొచ్చారు. ఆఫ్రికా పల్లెటూళ్ళలో గింజలు పొట్టుతో సహా తినేవాళ్ళకి మలబద్ధకం, పేగుల జబ్బులు తక్కువట. పీచు ఎక్కువుంటే తిన్నది లోపల నిలవుండకుండా త్వరగా బయటపడుతుందట. అసలు కారణం అదేనా, ఇంకేమన్నా ఉందా అని అక్కడి డాక్టర్లు తెగ వాదించుకుంటున్నారట.

"మరి మన సంగతేంటయ్యా? మన తాతలు దంపుడు బియ్యం తిన్నారు. ఇప్పుడు ఊరూరా మిల్లులొచ్చాయి. తెల్లటి అన్నం మనం తిని, తవుడు గేదెలకి పెడుతున్నాం. మన పేగులు నెమ్మదించాయా, లేదా? ఎవరన్నా కొలిచారా?"

కొలిచే పద్ధతి కూడా ఆయన దగ్గరే ఉంది. క్యాప్సూల్‌లో ఎర్రరంగు ఉంటుంది. తిండి పదార్థాల్లో కలిపే రంగే, దానివల్ల ప్రమాదమేమీ లేదు. భోజనంతో పాటు మింగాలి. ఆ ఎరుపు మర్నాడో, ఆ మర్నాడో విరేచనంలో కనిపిస్తుంది. మింగిన వేళకీ, కనిపించిన వేళకీ మధ్య ఎంతసేపు పట్టిందో అదే లెక్క. నిజం చెప్పొద్దూ, అది విన్నాక నాకు ఆ పూట భోజనం సయించలేదు. ఒక్కొక్క ముద్ద మింగుతూ "నువ్వెప్పుడొస్తావే" అని అడగాలనిపించింది.

"మనుషుల్ని నువ్వే వెతుక్కో. సరిగ్గా చేస్తే వ్యాసంలో నీ పేరు కూడా వేస్తాను" అన్నారు పెద్ద డాక్టరుగారు.

పేరంటే అప్పట్లో నాకు ఎంత యావో! ఆస్పత్రిలో కనబడ్డ ప్రతివాణ్ణీ బతిమాలాను. "అయ్యా, లోపలేముందో చూడండి, ఒప్పుకుంటాను. బయటికొచ్చింది మాత్రం నాకొదిలేయండి" అన్నాడొక రోగి. మిగతావాళ్ళు ఆ మాత్రం మర్యాద కూడా చూపించలేదు. అలా దిగాలుగా ఉన్న రోజుల్లోనే నేను, మా ఆవిడ ఫిలోమినా కలిసి హనుమాన్ జంక్షన్ అవతల ఉన్న అత్తవారి ఊరికి వెళ్ళాం.

మా మామగారు జోజయ్య మాస్టారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని చూడగానే నా కళ్ళు మెరిశాయి. మిల్లులో రెండోసారి పట్టించిన బియ్యం తప్ప తినరు. చేతికి వాచీ లేనిదే గుమ్మం దాటరు. పైగా ఊళ్ళో పెరట్లో సిమెంటు మరుగుదొడ్డి కట్టించుకున్న కొద్దిమందిలో ఆయనొకరు. పరిశోధనకి ఇంతకన్నా యోగ్యుడు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి?

చిక్కల్లా ఆ మాట ఆయనతో ఎలా అనడమన్నదే. మా వైపు మర్యాదలు మీకు తెలియకపోతే కొంచెం చెప్పాలి. కొత్త అల్లుడు మామగారి ముందు గట్టిగా తుమ్మడానికి కూడా సంకోచిస్తాడు. అత్తగారైతే అసలు ఎదుటికే రారు, తలుపు చాటున నిలబడి "బాబుగారికి ఇంకొంచెం పులుసు కావాలేమో అడగవే" అని కూతురితో అంటారు. అలాంటి ఇంట్లో నేను మరుగుదొడ్డి ప్రస్తావన తేవడమా? అందుకని ఫిలోమినాని పట్టుకున్నాను.

"ఏవండీ, ఆ మాట నాన్నతో నేనెలా అంటానండీ?" అంది.

"మీ అమ్మగారితో చెప్పు. ఆవిడ ఆయనతో చెబుతారు."

"అమ్మతో మాత్రం ఏమని చెప్పను?"

"ఉన్నదున్నట్టు చెప్పు. ఇది మింగితే దొడ్డికెళ్ళినప్పుడు ఎర్రగా వస్తుంది, భయపడొద్దు, టైము చూసుకోమను."

ఆ అమ్మాయి చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ లోపలికెళ్ళింది. లోపల ఏం జరిగిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది గానీ, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. ఫిలోమినా వాళ్ళమ్మతో, "ఆయన నాన్నకి మందు తెచ్చారమ్మా. పొట్టకి మంచిదట. ఒక రోజు కొంచెం తేడాగా ఉంటుందట, పరవాలేదట" అంది. మా అత్తగారు మామగారితో, "అల్లుడుగారు మీకు బలానికి మందు తెచ్చారు, భోజనంలో మింగాలట" అన్నారు. ఎరుపు ఫిలోమినా దగ్గరే ఆగిపోయింది. పొట్ట అత్తగారి దగ్గర ఆగిపోయింది. మామగారి దాకా చేరింది బలం ఒక్కటే.

ఆదివారం చర్చిలో పూజ అయి వచ్చాక భోజనాలకి కూర్చున్నాం. కోడికూర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. మామగారు క్యాప్సూల్‌ని కళ్ళకద్దుకుని మజ్జిగతో మింగారు. నేను గోడ గడియారం వైపు చూశాను.

"కొత్త అల్లుడు బట్టలు అడుగుతాడు, బండి అడుగుతాడు. మామగారికి బలం తెచ్చిన అల్లుణ్ణి నేనెక్కడా చూడలేదు బాబూ" అన్నారాయన. నేను వినయంగా తల వంచుకున్నాను.

సోమవారమంతా ఏమీ లేదు. మంగళవారం పొద్దున్నే వసారాలో పేపరు పట్టుకుని, పెరటివైపు తిరిగి కూర్చున్నాను. పేపరు తలకిందులుగా ఉందని ఫిలోమినా చెప్పేదాకా నాకు తెలియలేదు. మామగారు పెరట్లోంచి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. మడతకుర్చీలో కూలబడి ఆకాశం వైపు చూస్తున్నారు.

"మామయ్యగారూ, ఏమన్నా విశేషమా?" అన్నాను మెల్లిగా.

"మా వయసులో విశేషాలేముంటాయి బాబూ."

"అంటే, కొత్తగా ఏమన్నా కనిపించిందేమోనని."

ఆయన నన్ను చాలాసేపు చూశారు. "కొత్తవీ పాతవీ అన్నీ కనిపిస్తున్నాయి బాబూ. చిన్నప్పటి నుంచీ చేసినవన్నీ" అన్నారు.

పాపం సిగ్గుపడుతున్నారు, ఇంకా రాలేదు కాబోలు అనుకున్నాను. "పరవాలేదండీ, వచ్చినప్పుడు టైము మాత్రం చూసుకోండి" అని ధైర్యం చెప్పాను.

"అది వచ్చినప్పుడు టైము చూసుకునే ఓపిక ఎవరికుంటుంది బాబూ" అని ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

ఇంతకన్నా విప్పి ఎలా చెబుతారు ఎవరైనా? నాకు మాత్రం బుర్రకెక్కలేదు. ఆ పూటంతా ఆయన చిత్రంగా ప్రవర్తించారు. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముణ్ణి పిలిపించి, "ఆ గట్టు నువ్వే ఉంచుకోరా" అన్నారు. ఫాదరుగారిని కలిసి, చేసిన తప్పులన్నీ ఒప్పుకుని పాపసంకీర్తనం చేసి వచ్చారు. తన వాచీ విప్పి నా చేతికి పెట్టి, "ఇది మీ దగ్గరుండాలి" అన్నారు. నేనెంత మంచి అల్లుణ్ణో ఇంత త్వరగా గ్రహించారే అని నా కళ్ళు కూడా చెమర్చాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తగారు తలుపు చాటు నుంచి ఇవతలికొచ్చి, మొదటిసారిగా నాతో నేరుగా మాట్లాడారు.

"బాబూ, ఆయన వంకాయ కూర బాగుందన్నారండీ."

"సంతోషమే కదండీ అత్తయ్యగారూ."

"పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్కనాడూ అనలేదండీ. ఆయనకేదో అయింది. మీరు డాక్టరు కదా, కొంచెం చూడండి."

నేను డాక్టర్ని కదా, అందుకని నవ్వేశాను. ఎరుపు సంగతి తేలకుండానే బెజవాడ బస్సెక్కాల్సి వచ్చినందుకు నా బాధ నాది. ఫిలోమినాని అక్కడే ఉంచి, వాచీ పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున వార్డులో ఉండగా పెద్ద డాక్టరుగారు కబురు పెట్టారు.

"ఇటు రావయ్యా. పటమట డాక్టరు ఒక పెద్దాయన్ని పంపించాడు. విరేచనంలో బాగా ఎర్రగా పడిందట. ఆ వయసులో కంతి కావచ్చు. బేరియం ఎక్కించి ఎక్స్‌రే తీద్దాం, అవసరమైతే కొయ్యాలి. పాపం, ఇంట్లోవాళ్ళకి తెలియకూడదని ఒకటే గోల. ఎప్పుడు మొదలైందో, ఏం తిన్నాడో నెమ్మదిగా కనుక్కో."

తెర తీశాను. బల్ల మీద, చేతిలో జపమాలతో, వెల్లకిలా మా మామగారు.

"పొద్దుటిపూట మీరు వార్డుల్లో ఉంటారని ఫిలోమినా అంటే, కనపడరు కదా అని ఇప్పుడొచ్చాను బాబూ" అన్నారు నీరసంగా.

ఆదివారం మింగడం, మంగళవారం ఆ పాలిపోయిన మొహం, గట్టు, వాచీ, వంకాయ కూర, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. "మామయ్యగారూ, అది..." అన్నాను.

"నన్ను చెప్పనివ్వండి. ఫాదరుగారి దగ్గర అన్నీ ఒప్పుకున్నాను. ఒక్కటి మాత్రం మీతోనే చెప్పుకోవాలన్నారు."

"అది కాదు మామయ్యగారూ, ఆ ఎరుపు..."

"పెళ్ళిచూపులనాడు మీరు నాకు నచ్చలేదు బాబూ. తెలివైనవాడే గానీ నిదానం లేదు, ఎప్పుడో ఏదో ఒకటి మీదికి తెస్తాడు అనిపించింది. పిల్ల పట్టుబట్టిందని ఒప్పుకున్నాను. లోపల అది పెట్టుకుని, పైకి మీతో మర్యాదగా మాట్లాడుతూ వచ్చాను. మీరేమో బలానికి మందు తెచ్చారు. నన్ను క్షమించండి" అని నా చెయ్యి పట్టుకున్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

ఇంతలో పెద్ద డాక్టరుగారు తెర తీసుకుని వచ్చారు. "ఏమంటున్నారయ్యా పెద్దాయన?"

"ఈయన మా మామగారు సార్."

"అయ్యో."

"ఆ ఎరుపు మనదే సార్."

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "ఎర్రగా వస్తుందని ఈయనకి చెప్పలేదూ?"

"చెప్పించాను సార్."

"చెప్పించడమేంటయ్యా?"

జరిగిందంతా అక్కడికక్కడే, మొదటిసారిగా, మామగారి మొహం చూసి నా నోటితో చెప్పాను. మామగారు నెమ్మదిగా లేచి కూర్చున్నారు.

"అంటే నాకు జబ్బేమీ లేదా?"

"లేదు మాస్టారూ. మీ పేగులు మా పరిశోధనలో ఉన్నాయి, అంతే" అన్నారు పెద్ద డాక్టరుగారు.

మామగారు జపమాల జేబులో పెట్టుకుని, "అయితే మా తమ్ముడికి గట్టు ఊరికే వదిలేశానన్నమాట" అన్నారు.

నన్ను తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. పెద్ద డాక్టరుగారు కుర్చీ లాక్కుని, "పోనీ మాస్టారూ, ఎప్పుడు మింగారు, ఎప్పుడు కనిపించింది?" అని అడిగారు. మామగారు రెండూ ఠక్కున చెప్పారు. ఇక మొదలైంది. "మరబియ్యం కదండీ" అని డాక్టరుగారు, "మరి దంపుడు బియ్యమైతే?" అని మామగారు.

"అదే తెలియదు మాస్టారూ. తెలుసుకోవాలనే కదా ఈ తంటా."

"మా ఇంట్లో రోలూ రోకలీ ఉన్నాయండి. కొన్నాళ్ళు దంపించుకుని తిని చూస్తాను. నాకూ తెలుసుకోవాలని ఉంది" అన్నారు మామగారు. ఒక్క క్షణం ఆగి, "కాకపోతే ఆ మందు మీ చేత్తో ఇవ్వండి. చెప్పాల్సినవేవో మీరే చెప్పండి" అన్నారు. ఇద్దరిలో ఒక్కరూ నా వైపు చూడలేదు.

అన్నట్టే తిన్నారు కూడా. ఎరుపు ఈసారి ముందుగానే వచ్చింది. అయితే ఒక్క మనిషితో ఏమీ తేలదని, అదీ ఒకసారి భయపెట్టిన మనిషని, పెద్ద డాక్టరుగారు దాన్ని వ్యాసంలో చేర్చనే లేదు. కాబట్టి నా పేరు ఎక్కడా పడలేదు.

ఆస్పత్రిలో ఈ గొడవంతా జరిగిన రోజు సాయంత్రం మామగారిని బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. వాచీ విప్పి తిరిగిచ్చేశాను, వద్దనకుండా పెట్టుకున్నారు. బస్సు కదలబోతుంటే ఆశ చావక కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"మామయ్యగారూ, పొద్దున బల్ల మీద మీరు నా గురించి అన్న మాట... పోతానన్న భయంలో అన్నదే కదండీ?"

ఆయన హెడ్మాస్టరు కదా, బాగా ఆలోచించి గాని జవాబు చెప్పరు. "అప్పటిదాకా నాకు అనుమానం మాత్రమే ఉండేది బాబూ. ఇప్పుడు రూఢి అయింది" అన్నారు. బస్సు వెళ్ళిపోయింది.

అందుచేత మహాజనులారా, గుణదల మాత సాక్షిగా నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. ఎవరికి ఏ మందిచ్చినా, అది ఏ రంగులో లోపలికి పోయి ఏ రంగులో బయటికొస్తుందో మధ్యలో మనిషి లేకుండా నేనే చెబుతాను. పెళ్ళి పంక్తిలో విస్తరి ముందున్నా చెబుతాను. అత్తగార్లు తలుపు చాటునుంటే తలుపు తీసి మరీ చెబుతాను. ఈ ప్రతిజ్ఞ నేటి వరకూ ఒక్కసారి కూడా తప్పలేదు, అందుకే మా చుట్టాలెవరూ నన్ను భోజనానికి పిలవడం లేదు.