ఒక స్పెయిన్ పోలీసుకి కాండక్ట్ సర్టిఫికెట్

నాలుగు లైన్లు రాసివ్వమన్నారు, అంతే. "ఈయన నాకు మూడేళ్ళుగా తెలుసు, మంచివాడు, నెమ్మదస్తుడు" అని రాసి కింద సంతకం పెట్టాలి. సింగపూర్‌లో ఇలాంటి సంతకాలు నేను ఎన్ని పెట్టానో చెప్పలేను. షిప్‌యార్డులో ఇంజనీరుగా రిటైరైనవాణ్ణి, ఈ దేశ పౌరుణ్ణి, సెరంగూన్‌లో మా కాండో అపార్ట్‌మెంట్ల కమిటీకి సెక్రటరీని. కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలకు ఇల్లు అద్దెకు కావాలన్నా, ఏదో అప్లికేషన్‌కు ఒక పెద్దమనిషి మాట కావాలన్నా "అంకుల్, ఒక్క సైన్" అంటూ మా తలుపే కొడతారు. నేను ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదు. ఈసారి అడిగింది ఒక పోలీసు కోసం. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా మండుతోంది.

ఆయన మా కింది అంతస్తులో ఉంటాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, స్పెయిన్ దేశస్థుడు. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశాడు. కూతురికి తంజోంగ్ పగార్‌లో బ్యాంకు ఉద్యోగం, పొద్దున పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. నాకూ పని లేదు, ఆయనకూ పని లేదు. పొద్దున్నే స్విమ్మింగ్ పూల్ చుట్టూ నడిచి, తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌లో కాఫీ తాగేవాళ్ళం. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పడేసి సీటు చోప్ చేసుకునే, అంటే మనదని ఆపుకునే, ఇక్కడి అలవాటు చూసి మొదట్లో పగలబడి నవ్వాడు. నెల తిరక్కుండా నాకంటే ముందే పోయి తనే పడేయడం మొదలుపెట్టాడు. ఆయన బాల్కనీలో టమాటాలు పెంచేవాడు, నేను గోంగూర పెంచేవాణ్ణి. ఇద్దరికీ ఇంగ్లీషు అరువు భాషే కాబట్టి నిదానంగా, తడుముకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యానన్నాడు. ఏం ఉద్యోగమని నేను అడగలేదు. నా బుద్ధి గడ్డి తిని అడగలేదు.

వాళ్ళ దేశం ఎలా మారిందో చెప్పడమంటే ఆయనకు మహా సరదా. నలభై ఏళ్ళు ఏలిన నియంత మంచంలోనే కన్నుమూశాడు. రాజు వచ్చాడు, ఎన్నికలొచ్చాయి, రాజ్యాంగం వచ్చింది. "జైల్లో ఉన్నవాళ్ళను వదిలేశాం, వాళ్ళను జైల్లో పెట్టినవాళ్ళనూ వదిలేశాం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగొద్దనుకున్నాం, పాతవి మర్చిపోయాం. అందుకే యూరప్ మమ్మల్ని కలుపుకుంది. రోడ్లొచ్చాయి, మా పిల్లలు ప్రపంచమంతా తిరుగుతున్నారు" అనేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను తలూపుతూ వినేవాణ్ణి. వాళ్ళ నియంత పోయిన ఏడాదే మా దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. వాళ్ళకు అందరినీ వదిలేసిన ఆ క్షమాభిక్ష చట్టం వచ్చిన ఏడాదే మాకు ఎమర్జెన్సీ ఎత్తేశారు. ఈ సంగతి ఒకసారి ఆయనకు చెప్పాను కూడా. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల కూడా నన్ను అంకుల్ అనే పిలుస్తుంది. దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పింది. తండ్రి పోలీసట. నియంత కాలంలో కాటలాన్ భాష మాట్లాడే ప్రాంతంలో, కాలేజీ పిల్లల మీద కన్నేసి ఉంచే విభాగంలో పనిచేశాడట. రిటైరయ్యాక సొంత ఊరి మున్సిపాలిటీ సన్మానం చేసి, హాల్లో పేరు చెక్కిన పలక పెట్టింది. ఇప్పుడు ఒక ముసలావిడ ఆ మున్సిపాలిటీకి ఉత్తరం రాసింది. "నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఈ మనిషి నన్ను స్టేషన్ కింది గదిలో మూడు రోజులు కొట్టాడు. కోర్టుకు పోదామంటే ఆ చట్టం అడ్డం. కనీసం ఆ పేరన్నా తీసేయండి" అని ఆ ఉత్తరం. పై నెల కౌన్సిల్ కూర్చుని తేలుస్తుంది. పేరున్న పెద్దమనుషుల దగ్గర మంచి నడవడిక ఉత్తరాలు తెమ్మన్నాడట వాళ్ళ లాయరు. "నాన్న అలాంటివాడు కాదంకుల్. మీరు రోజూ చూస్తూనే ఉన్నారు కదా" అని ఏడ్చింది. చూస్తానమ్మా అని పంపేశాను.

తలుపు వేసీ వేయకముందే నా భార్య అందుకుంది.

"ఏందయ్యా, ఆ పిల్ల గట్ల ఏడుస్తుంటే రాయి లెక్క కూసున్నవ్? నాలుగు లైన్లు రాస్తే నీ చెయ్యేమన్న అరిగిపోతదా?"

"నీకు తెల్వదు, ఊకో."

"తెల్వదంటే చెప్పు మరి. మొన్ననే గద ఆ ముసలాయన సంచెడు టమాటలు ఇచ్చిపాయె."

ఏమని చెప్పను? మా అన్న జ్వరమొచ్చి పోయాడని పెళ్ళిచూపుల నాడు మా బాపు ఆడపెళ్ళివాళ్ళకు చెప్పాడు. నేను ఆ అబద్ధాన్నే పట్టుకుని ముప్పై ఏడేళ్ళు సంసారం చేశాను. పోయిన పెద్దలను తలచుకునే పెత్తరమాస వచ్చినప్పుడల్లా, తను ఎన్నడూ చూడని ఆ బావ పేరు మీద ఇక్కడి గుడిలో బియ్యం ఇస్తుంది నా భార్య. నేను పక్కనే నిలబడి చేతులు కట్టుకుంటాను. సిగ్గు లేకుండా.

మా అన్నకు జ్వరం రాలేదు. అప్పటికి ఇరవై ఏళ్ళు, డిగ్రీ చదువుతున్నాడు. ఎమర్జెన్సీ రోజుల్లో ఒక మధ్యాహ్నం, కంచం ముందు కూర్చున్నవాణ్ణి లేపి మా తాలూకా ఎస్సై జీపెక్కించాడు. "ఊకె రెండు మాటలు అడిగి పంపిస్తం" అన్నాడు. కరపత్రాలు పంచాడట, దేశాన్ని ముక్కలు చేసేవాళ్ళతో తిరుగుతున్నాడట. పది రోజులకు పేపర్లో ఒక మూల చిన్న వార్త, అడవిలో ఎదురుకాల్పులని. శవాన్ని ఇవ్వలేదు. కాల్చారో పూడ్చారో, ఎక్కడో, ఏదీ చెప్పలేదు. ఎమర్జెన్సీ పోయాక పట్నం నుంచి లాయర్లు వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు, జరిగింది చెప్పండి, రాసుకుంటామన్నారు. మా బాపు వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదని కాగితం మీద సంతకం చేశాడు. "పోయినోడు ఎట్లాగు రాడు. ఉన్నోన్నన్న బతికించుకోవాలె" అన్నాడు మమ్మల్ని కన్న అవ్వతో. ఆ ఉన్నోణ్ణి నేనే. అవ్వ ఆ రోజు నుంచి చచ్చిపోయేదాకా బాపుతో మాట్లాడలేదు.

మూడో రోజు పొద్దున హాకర్ సెంటర్‌కు పోయాను. ఆయన అప్పటికే కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రాశారా అని అడిగాడు.

"రాసే ముందు ఒక మాట. ఆవిడ చెప్పేది నిజమేనా?"

ఈగను తోలినట్టు చెయ్యి విసిరాడు. "యాభై ఏళ్ళయింది. ఎన్ని వందల మంది వచ్చిపోయారో. ఎవరికి గుర్తుంటుంది? అప్పుడు చట్టం అది. మేం దేశాన్ని కాపాడాం. వాళ్ళను వాళ్ళ భాషకీ వాళ్ళ జెండాకీ వదిలేస్తే స్పెయిన్ ఎప్పుడో ముక్కలయ్యేది. మీరు ఒక దేశం వదిలి ఇంకో దేశపు జెండాకు మొక్కినవాళ్ళు, దేశమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?"

పుండు మీద కారం చల్లినట్టయింది. దేశం ముక్కలవుతుందట! ఆ ఎస్సై నోట విన్న మాటే. యూనిఫారాలు వేరు, భాషలు వేరు, మధ్యలో సముద్రాలున్నాయి, మాట మాత్రం అదే. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఇరవై ఏళ్ళ పిల్లోడు, చేతిలో నాలుగు కాగితాలు. వాటికే ముక్కలైపోయేంత నాసి దేశాలా ఇవి? అయినా పళ్ళ బిగువున ఊరుకున్నాను. కోపంలో ఉన్నవాడి నోరు దానంతట అదే జారుతుంది.

జారింది. "విశ్వాసం లేని మనిషి ఆవిడ!" అని టేబుల్ మీద కొట్టాడు. "వాళ్ళ నాన్న రొట్టెల దుకాణం కూడా నాకు తెలుసు. ఆకుపచ్చ స్వెటర్ వేసుకొచ్చింది, ఎడమ మోచేతి దగ్గర చిరుగు. అమ్మకు కబురు పంపమని అడిగింది. అక్కడ ఇంకెవ్వరూ పట్టించుకోలేదు. నేనే గ్లాసుతో నీళ్ళు తీసుకుపోయి, నా చేత్తో తాగించాను. ఆ సంగతి రాసిందా ఉత్తరంలో? రాయలేదు!"

"ఆ గ్లాసు ఆ పిల్ల తన చేత్తో ఎందుకు పట్టుకోలేకపోయింది?" అని అడిగాను.

ఆయన తల వంచి కాఫీ కప్పు కేసి చూస్తూ కూర్చున్నాడు.

నాకు ఇంగ్లీషు ఎటుపోయిందో పోయింది. తెలుగులోనే అరిచాను. "ఎవరికి గుర్తుంటుందన్నవ్? చిరుగు ఏ చేతికుందో గూడ యాదికుంది గదరా నీకు! మర్చిపోదామని ఒప్పందం చేసుకున్నరా? ఎవలతోని చేసుకున్నరు? ఆమెనడిగిన్రా? ఆమె అవ్వనడిగిన్రా?" పక్క టేబుల్ వాళ్ళు తినడం ఆపి చూశారు. నూడుల్స్ అమ్మే ఆంటీ చేతిలో గరిటెతో బయటికొచ్చి ఇక్కడి యాసలో "ఓకే, అంకుల్? డోంట్ ఫైట్ లా" అంది. ఆయనకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా తల ఎత్తలేదు. చివరికి ఆయనకు తెలిసిన భాషలో, నేను రాయను, రాయదలిస్తే మీరే ఆవిడకు రాయండి అని చెప్పి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి నా భార్యను కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆమె వెంటనే ఏడవలేదు.

"జ్వరమన్నవ్ గదయ్యా" అంది. "ఇన్నేండ్లు నాతోని అబద్ధపు బియ్యం ఇప్పిచ్చినవ్. దేవుని ముంగట."

"బాపు చెప్పొద్దన్నడు."

"బాపు పోయి ఇరవై ఏండ్లాయె. ఇంక ఎవలకు భయపడ్డవ్?"

తిలా పాపం తలా పిడికెడు అంటారు. అందులో నా పిడికిలి బాపు పిడికిలి కంటే చిన్నదేమీ కాదు.

"ఆ ఎస్సై ఏమైండు?" అని అడిగింది.

"సీఐ అయిండు."

"నీకెట్ల తెల్సు?"

అదీ చెప్పాను. అప్పట్లో ఇక్కడి జురాంగ్ షిప్‌యార్డులో ఉద్యోగం వచ్చింది. పాస్‌పోర్టు కావాలి, పోలీసు ఎంక్వైరీ కావాలి, నడవడిక మంచిదని ఆ స్టేషన్ నుంచే కాగితం కావాలి. బాపు నాకు తెల్ల చొక్కా తొడిగించి, నెయ్యి డబ్బా చేతికిచ్చి, సీఐగా మళ్ళీ అక్కడికే వచ్చిన ఆ ఎస్సై దగ్గరికే తీసుకుపోయాడు. సీఐ కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. నా మొహం తేరిపార చూసి "అచ్చం పెద్దోని లెక్కనే ఉన్నవురా. వాని తీర్గ తిరగకు, బుద్ధిగ బతుకు" అన్నాడు. నాకు తెలిసినంత వరకు ఇతని నడవడిక మంచిది అని రాసి, సంతకం పెట్టి, సిరా ఆరలేదని తనే నోటితో ఊది మరీ ఇచ్చాడు. ఆ కాగితంతో వచ్చినవే నాకు బూన్ లే క్వార్టర్సు, తర్వాత ఈ ఇల్లు, ఈ పౌరసత్వం, ఇవ్వాళ జనం నా దగ్గరికొచ్చి అడిగే ఈ సంతకం.

నా భార్య రెండు చేతులతో నా చొక్కా పట్టుకుంది.

"మీ అన్ననేడ పెట్టిండ్రో వానికి తెల్సు గద! ఎదురుంగ కూసున్నవ్ గద! అడిగినవా?"

"అడగలే."

"మరేమన్నవయ్యా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. లేచి నిలబడి రెండు చేతులూ జోడించి, మీ మేలు ఎన్నటికీ మర్చిపోను సార్ అన్నాను.