కామెంట్లు పెట్టమని బొట్టు పెట్టి పిలిచాం

మావాడు ఏం తిన్నాడు, ఏం ఉమ్మేశాడు అని రాసుకోవడానికి చిన్న వెబ్‌సైటు పెట్టుకున్నాను. వాడు పడుకున్నాక రాస్తాను. గుమ్మడికాయ గుజ్జుకి ఒక పేజీ, రాగిజావకి ఒక పేజీ. ఫొటోల్లో వాడి మొహం కంటే మొహానికి అంటిన పదార్థమే ఎక్కువ కనిపిస్తుంది. చదివేవాళ్ళు ఎవరుంటారులే అనుకున్నాను. ఉన్నారు. పైగా వాళ్ళందరికీ వైద్యం వచ్చు.

క్యారెట్ పేజీ కింద ఎవరో, "మా చుట్టాలబ్బాయి ఇలాగే తిని పచ్చగా అయిపోయాడు" అని రాశారు. వాడి అరచేతులు ట్యూబులైటు కింద ఒకసారి, కిటికీ దగ్గర ఒకసారి చూశాను. ఇంకెవరో "బాబు చెంచా ఎడమచేత్తో పట్టుకుంటున్నాడు, గమనించారా?" అన్నారు. గమనించలేదు. గమనించడం మొదలుపెట్టాక పొయ్యి మీద పాలు గమనించలేదు. ఇలా ప్రతి కామెంటుకీ పిల్లాణ్ణి ఎత్తుకుని పరిగెడుతుంటే డాక్టరుగారు, "బాబుకి ఏమీ లేదమ్మా. పోనీ, మీకేమైనా టెస్టులు రాయమంటారా?" అన్నారు.

ఆ రోజే సెట్టింగుల్లోకి వెళ్ళి, కామెంట్లు ఎవరు రాయవచ్చు అన్నచోట 'ఎవరైనా' తీసేసి 'నేను అనుమతించినవారు మాత్రమే' అని పెట్టాను. మా అమ్మ, మా చెల్లి, కాలేజీ స్నేహితురాళ్ళు, మావారు. మావారు ఇంతవరకూ ఒక్క కామెంటూ పెట్టలేదు, అయినా ఇంటాయన కదా. మిగతావాళ్ళకి కనిపించే సందేశం ఇంగ్లీషులో ఉంటే బాగుండదని శ్రద్ధగా తెలుగులో రాశాను: "ఇక్కడ మాట్లాడడానికి మీకు అనుమతి లేదు."

ఇంగ్లీషులోనే ఉంచాల్సింది. సబ్బవరంలో ఉండే మా మామగారి అక్క దాన్ని పట్టించుకునేది కాదు.

ఆవిడని నేను పెద్దమ్మా అంటాను. పురిటి తర్వాత ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి వచ్చి ఉండిపోయి, పిల్లాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది ఆవిడే. వాడు ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని. ఒకే తువ్వాలుతో ఇద్దరి మొహాలూ తుడిచేది. ఆవిడకి నా పేజీలు చదివే అలవాటుందని నాకు తెలియదు. మామిడిపళ్ళ బొమ్మతో, పేరు లేకుండా, ప్రతి పేజీ కిందా "నా తండ్రే" అని ఒక కామెంటు వచ్చేది. ఎవరో మంచివాళ్ళు అనుకున్నాను. ఆ మామిడిపళ్ళు పెద్దమ్మేనని మా అత్తగారికి ఫోనొచ్చాక తెలిసింది.

"మరదలా, నీ కోడలు నన్ను మాటాడొద్దంది. రాసి మరీ ఎట్టింది. ఆదివారం నాను రాను."

ఆదివారం సింహాచలంలో మావాడి పుట్టువెంట్రుకలు. మావారికి అక్కచెల్లెళ్ళు లేరు కాబట్టి తొలి వెంట్రుకలు చెంగులో పట్టాల్సింది పెద్దమ్మే. అక్క రాకపోతే పిల్లాడి తల మీద కత్తెర పడదని మామగారు తేల్చేశారు. నాకు కత్తెర కంటే ఆ తువ్వాలే గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మావారు అప్పుడే స్టీల్‌ప్లాంటులో బి షిఫ్టు నుంచి వచ్చి, హెల్మెట్టు తీయకుండానే, "దానిదేముంది, అనుమతి ఇచ్చేయ్" అని కంచం ముందు కూర్చున్నారు.

మర్నాడు పెద్దమ్మ కోడల్ని అడిగి ఆవిడ మెయిలు కనుక్కుని అనుమతి ఇచ్చేశాను. ఆవిడకి ఆహ్వానం మెయిలు దానంతటదే వెళ్ళింది. వెంటనే పెద్దమ్మ ఫోను.

"ఏటమ్మీ ఇది? మిషను సేత పిలిపిత్తావా నన్ను?"

"అది ఆహ్వానమే పెద్దమ్మా. ఆ నీలం బటన్ నొక్కితే..."

"నొక్కను. ఇంటికొచ్చి బొట్టెట్టి పిలవాల."

"ఆదివారానికి బొట్టు పెట్టే పిలిచాం కదా పెద్దమ్మా?"

"అది గుండుకి. దీనికెవులు పిలిసినారు?"

నాకు నవ్వొచ్చింది. మా అత్తగారికి రాలేదు. "న్యాయమే కదా" అని కుంకుమభరిణ, జాకెట్టు గుడ్డ, అరటిపళ్ళు సంచిలో పెట్టుకున్నారు. స్కూటీ మీద ముందు నేను, వెనక ఆవిడ, మధ్యలో నలిగిపోతూ మావాడు.

మేం వెళ్ళేసరికి పెద్దమ్మ గుమ్మం ముందు కుర్చీలో ఉంది, పట్టుచీరలో. మమ్మల్ని చూడగానే లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కొట్టాం. "ఎవులూ?" అంది.

అత్తగారు బొట్టు పెట్టి, పళ్ళు చేతికిచ్చి, నన్ను మోచేత్తో పొడిచారు. ఇలాంటి పిలుపుకి మాటలు నాకెవరు నేర్పారు? "పెద్దమ్మా, మీరు మా వెబ్‌సైటుకి వచ్చి, కామెంట్లు పెట్టి, పిల్లాణ్ణి ఆశీర్వదించాలి" అన్నాను.

"నన్నొక్కదాన్నేనా, ఇంటిల్లిపాదినా?"

పిలవడానికి వెళ్ళినవాళ్ళు ఆ ప్రశ్నకి ఇంకో జవాబు ఎలా చెప్తారు? "ఇంటిల్లిపాదీ రావాలి పెద్దమ్మా."

కొడుకూ కోడలూ వచ్చారు. పై వాటాలో అద్దెకున్నవాళ్ళూ దిగొచ్చారు. "అద్దికున్నోళ్ళు మనోళ్ళు కాదేటి?" అంది పెద్దమ్మ. నేను ఒక్కొక్కరి మెయిలూ అడిగి ఎక్కించుకుంటుంటే కోడలు రెండిచ్చింది, ఒకదాని పాస్‌వర్డు మర్చిపోతుందట. మా అత్తగారు నా చెవి దగ్గరికి వంగి, "అన్నట్టు, నాది ఎక్కించావుగా?" అన్నారు. ఎక్కించానన్నాను. ఆ మాట నిజం చేయడానికి వేళ్ళు ఎంత వేగంగా ఆడించానో.

పెద్దమ్మ మావాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, వాడి జుట్టు పిడికిట పట్టి చూసుకుంది. తర్వాత ఫోను తీసి, ఒక్క వేలితో చాలాసేపు ఏదో కొట్టింది. నా ఫోను మోగింది. గుమ్మడికాయ పేజీ కింద మామిడిపళ్ళు.

"ఆదివారం వత్తాను. గుండయ్యాక టోపీ ఎట్టండి."

పక్కనే కూర్చున్న మనిషికి నోటితో చెప్పబోయాను. ఆవిడ ఫోను వైపే చూస్తోంది. అందుకని నేనూ కొట్టాను: "అలాగే పెద్దమ్మా."

"అలాగేనంటంది" అని పెద్దమ్మ అందరికీ చదివి వినిపించింది.